కొత్త యాంటీవైరస్ వేశాక జీఎస్టీ సైన్ అవ్వట్లేదు, పైగా నేను ఏ సైట్ చూశానో మేనేజర్‌కి తెలిసిపోతోంది

మిర్చి_లెడ్జర్ (గుంటూరు), మంగళవారం మధ్యాహ్నం 1:42

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. ఈ మధ్య ఆఫీసు ల్యాప్‌టాప్‌లన్నిటిలో కొత్త యాంటీవైరస్ వేశారు. అప్పటినుంచి రెండు తలనొప్పులు.

ఒకటి, జీఎస్టీ రిటర్న్‌ని డీఎస్సీతో (డిజిటల్ సంతకంతో) సైన్ చేద్దామంటే, ఆ సంతకం పెట్టించే ఈఎంసైనర్ ప్రోగ్రామ్ కనెక్ట్ అవ్వదు. రీస్టార్ట్ చేయమంటుంది, చేస్తే మళ్లీ అదే మాట. గడువు 20వ తేదీ నెత్తిమీదికి వస్తోంది. దీనికి తోడు టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) వోచర్ ఎక్కిస్తుంటే కింద మూల నుంచి ఒక డబ్బా పైకి లేస్తుంది: "మీ సిస్టమ్ నెమ్మదించింది, శుభ్రం చేయమంటారా?" అని. నెమ్మదించింది నీ వల్లే కదరా నాయనా!

రెండోదే అసలు టెన్షన్. పోయిన వారం లంచ్ టైమ్‌లో ఉద్యోగాల సైట్ ఒకటి చూశాను. ఇన్‌కాగ్నిటోలోనే. సోమవారం మేనేజర్ గారు టీ తాగుతూ "ఏమయ్యా, మా దగ్గర ఉక్కపోతగా ఉందా?" అన్నారు. సైట్ పక్కన తాళం బొమ్మ కూడా ఉంది మరి. తాళం ఉంటే మధ్యలో ఎవరికీ కనపడదంటారు కదా? యాంటీవైరస్సే మోసిందా?

—

ఉల్లిదోశ (విజయవాడ), మధ్యాహ్నం 1:55

ఇన్‌కాగ్నిటో తెరవగానే నల్ల పేజీ వస్తుంది చూడండి, అందులోనే రాసి ఉంటుంది: మీ యజమానికో స్కూలుకో మీరు చూసేది కనపడొచ్చు అని. దాన్ని చదివినవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఇన్‌కాగ్నిటో వల్ల హిస్టరీ ఆ కంప్యూటర్‌లో మిగలదు, అంతే. ఇంట్లోవాళ్ల దగ్గర పనిచేస్తుంది, ఆఫీసులో కాదు.

"ఉక్కపోత" అన్నాడంటే మీ మేనేజర్‌కి సాహిత్యం వంటబట్టినట్టుంది.

—

సర్వర్_రూమ్_కాపలా (మంగళగిరి), మధ్యాహ్నం 2:30

నేను ఒక కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌ని. తమ్ముడూ, తాళం అబద్ధం చెప్పలేదు. ఎవరితో తాళం వేసుకున్నావో నువ్వు చూడలేదు.

తాళం ఉండే ఏ సైట్‌కైనా (దాన్నే హెచ్‌టీటీపీఎస్ అంటారు) ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దాన్ని ఎవరో ఒక సంస్థ జారీ చేస్తుంది. ఏయే సంస్థలను నమ్మాలో మన కంప్యూటర్‌లో ఒక పట్టీ ఉంటుంది. ఆఫీసు వాళ్లు ఆ పట్టీలో తమ సొంత రూట్ సర్టిఫికెట్ చేర్చగలరు, ల్యాప్‌టాప్ వాళ్లదే కాబట్టి. ఆ తర్వాత నువ్వు సైట్ తెరిస్తే ఆఫీసు ఫైర్‌వాల్ (ఆఫీసు ఇంటర్నెట్‌కి గేటు కాపలా) ఒక తాళం విప్పి, లోపల చూసి, ఇంకో తాళం వేసి పంపిస్తుంది. బ్రౌజర్‌కి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

పట్టుకోవడం తేలిక. ఎడ్జ్‌లో అయితే తాళం బొమ్మ మీద నొక్కు. క్రోమ్‌లో 2023లో తాళం తీసేసి ఆ చోట రెండు గీతల బొమ్మ పెట్టారు, దాని మీద నొక్కు. కనెక్షన్ సురక్షితం అన్న చోటికి వెళ్లి సర్టిఫికెట్ తెరిచి "ఇష్యూడ్ బై" దగ్గర ఎవరి పేరుందో చూడు. అదే సైట్‌ని నీ సొంత ఫోన్‌లో, సొంత డేటా మీద తెరిచి అక్కడి పేరు కూడా చూడు. ఆఫీసులో మీ కంపెనీ పేరో, ఫైర్‌వాల్ పేరో, యాంటీవైరస్ పేరో వస్తే మధ్యలో ఉన్నది వాళ్లే. ఒక్క సైట్‌తో తేల్చేయకు. బ్యాంకు, హాస్పిటల్ సైట్లను చాలామంది అడ్మిన్లు ఈ తనిఖీ నుంచి వదిలేస్తారు.

చాలా యాంటీవైరస్‌లు ఇంట్లో వాడుకునేవి కూడా ఇదే పని చేస్తాయి. "వెబ్ షీల్డ్", "హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్" లాంటి పేర్లు పెడతారు. ఉద్దేశం వైరస్ వెతకడమే కావచ్చు. కానీ పద్ధతి ఒకటే. సరిగా చేయకపోతే ఏమవుతుందో 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో చూశాం. సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ తాను ఉన్న అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే రూట్ సర్టిఫికెట్ పెట్టింది. దాని తాళంచెవి బయటపడేసరికి ఆ ల్యాప్‌టాప్ వాడేవాళ్లందరికీ దొంగ సైట్లు అసలువిగా చూపించే వీలు కలిగింది.

ఇంకో సంగతి. నువ్వు ఏ పేజీ చదివావో తెలియాలంటే ఇంత చేయాలి గానీ, ఏ సైట్‌కి వెళ్లావో తెలియడానికి ఇదేమీ అక్కర్లేదు. సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్‌ని అడిగినప్పుడు ఆ పేరు కనపడుతుంది, కనెక్షన్ మొదట్లోనూ మామూలుగా పేరు బయటే వెళుతుంది. మీ మేనేజర్‌కి చేరింది సైట్ పేరు ఒక్కటే అయ్యుండొచ్చు.

—

అరండల్‌పేట_ఆడిట్ (గుంటూరు), మధ్యాహ్నం 3:10

మేనేజర్ సంగతి తర్వాత, ముందు రిటర్న్ చూడండి బాబూ. లేట్ ఫీజు ఎవరు కడతారు?

మా ఆఫీసులో క్లయింట్ల సిస్టమ్‌లతో నాకు నెలనెలా ఇదే గొడవ. ఈఎంసైనర్ మీ కంప్యూటర్‌లోనే ఒక చిన్న సర్వర్‌లా నడుస్తుంది. బ్రౌజర్ దానితో 127.0.0.1 అడ్రస్‌లో 1585 పోర్టు మీద మాట్లాడుతుంది. కొత్త యాంటీవైరస్ ఈ మాటల మధ్యలో దూరితే కనెక్షన్ తెగుతుంది. ముందు ఈఎంసైనర్‌ని "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరవండి. తర్వాత బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 అని కొట్టండి. హెచ్చరిక పేజీ వస్తే అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ముందుకు సాగండి. ఆ హెచ్చరికని ఇలా దాటేయడం ఈ ఒక్క అడ్రస్‌కే, ఎందుకంటే అది మీ కంప్యూటరే. వేరే సైట్లకి అలవాటు చేసుకోవద్దు.

అప్పటికీ రాకపోతే ఐటీ వాళ్లకి మెయిల్ పెట్టి, ఈఎంసైనర్ ఫోల్డర్‌నీ ఆ అడ్రస్‌నీ యాంటీవైరస్ మినహాయింపుల్లో చేర్చమనండి. అదే మెయిల్‌లో టాలీ డేటా ఫోల్డర్ కూడా రాయండి. టాలీ రాసే ప్రతి ఫైల్‌నీ యాంటీవైరస్ తెరిచి చూస్తుంటే వోచర్‌కి వోచర్‌కి మధ్య కునుకు తీయొచ్చు. ఫుల్ స్కాన్ కూడా మధ్యాహ్నం భోజనాల వేళకి పెట్టమనండి. మా దగ్గర పొద్దున పదిన్నరకి పెట్టాడు మహానుభావుడు, సరిగ్గా అందరూ లాగిన్ అయ్యే టైమ్‌కి.

మీ అంతట మీరు యాంటీవైరస్ ఆపేయొద్దు. చాలాచోట్ల దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, ఆపబోతే ఆ ప్రయత్నం కూడా లాగ్‌లో (సిస్టమ్ రాసుకునే చిట్టాలో) పడుతుంది.

—

వన్‌టౌన్_డీటీపీ (విజయవాడ), సాయంత్రం 4:20

యాంటీవైరస్ అనగానే నా కడుపు మండింది, అందుకే రాస్తున్నా.

మాది శుభలేఖలు, కరపత్రాలు చేసే షాపు. పెళ్లిళ్ల సీజన్. రాత్రి పదకొండింటికి శుభలేఖ సెట్ చేసి, పొద్దున్నే ప్లేట్‌కి ఇద్దామని ఇంటికెళ్లాను. పొద్దున వచ్చి కీబోర్డు నొక్కితే "శ్రీరస్తు" కొట్టినచోట "$" గుర్తులూ, బ్రాకెట్లూ పడుతున్నాయి. రాత్రికి రాత్రి యాంటీవైరస్ అప్‌డేట్ అయ్యి, మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ని వైరస్ అని ఎత్తుకెళ్లి క్వారంటైన్‌లో (అనుమానపు ఫైళ్ల బందీఖానాలో) పడేసింది. పెళ్లికొడుకు తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. క్వారంటైన్‌లోంచి తీస్తే మళ్లీ పట్టుకుంటుంది, తీస్తే మళ్లీ పట్టుకుంటుంది. చివరికి పక్క షాపులో కూర్చుని కొట్టుకొచ్చాను.

ఏళ్ల తరబడి వాడుతున్న సాఫ్ట్‌వేర్ రాత్రికి రాత్రి దొంగ ఎలా అయిందండీ?

—

సర్వర్_రూమ్_కాపలా (మంగళగిరి), సాయంత్రం 5:05

అన్నా, అలాంటి పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రామ్‌లు మీరు నొక్కిన ప్రతి మీటనీ మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చి పంపుతాయి. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసేదీ సరిగ్గా ఇదే. యాంటీవైరస్ చూసేది నడవడికనే, మనసు దానికేం తెలుస్తుంది. కాకపోతే ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. మీ కాపీ కొన్నదా, క్రాక్‌దా? క్రాక్ అయితే అది నిజంగానే దొంగ సరుకు మోసుకొచ్చి ఉండొచ్చు. కొన్నదైతే కంపెనీ వెబ్‌సైట్లో "ఫాల్స్ పాజిటివ్" ఫారం ఉంటుంది, ఫైల్ పంపండి.

యాంటీవైరస్ తప్పు చేయడం కొత్తేమీ కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని సొంత సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుని పట్టేసింది. కంప్యూటర్లు వరసపెట్టి రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. ఇక 2024 జులై 19 గుర్తుంది కదా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ తప్పుడు అప్‌డేట్‌కి ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర వేసుకున్నాయి. మన దేశంలో విమానాశ్రయాల్లో చేత్తో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. కాపలాదారుకి ఇంటి తాళాలన్నీ ఇస్తాం కాబట్టి వాడు జారిపడితే ఇల్లంతా మూతపడుతుంది.

—

వన్‌టౌన్_డీటీపీ (విజయవాడ), సాయంత్రం 5:11

కొన్నదా క్రాక్‌దా అన్న ప్రశ్నకి జవాబు దాటవేస్తున్నాను.

—

ఉల్లిదోశ (విజయవాడ), సాయంత్రం 5:13

😂 దండం అన్నా.

—

ల్యాబ్_లో_లాస్ట్_బెంచ్ (వడ్డేశ్వరం), సాయంత్రం 6:40

ఫ్రీ యాంటీవైరస్ వాడేవాళ్లకి ఒక మాట. అవాస్ట్ యాంటీవైరస్ సంగతి తెలుసా? దాని అనుబంధ సంస్థ జంప్‌షాట్, వాడేవాళ్ల బ్రౌజింగ్ వివరాలు అమ్మేదని 2020 జనవరిలో బయటపడింది. వెంటనే జంప్‌షాట్‌ని మూసేశారు. 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ అవాస్ట్‌కి 1.65 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, ప్రకటనల కోసం బ్రౌజింగ్ డేటా అమ్మొద్దని ఆదేశించింది. మనల్ని ట్రాకర్ల నుంచి కాపాడతానని చెప్పిన సాఫ్ట్‌వేర్ అది. నేనైతే విండోస్‌తో వచ్చే డిఫెండర్‌తోనే సరిపెట్టుకుంటున్నా. అదీ ఒక్కోసారి సీపీయూ తినేస్తుంది గానీ, కనీసం "రెన్యూ చెయ్, రెన్యూ చెయ్" అని ప్రాణం తీయదు.

—

బ్రాడీపేట_బాబాయ్ (గుంటూరు), రాత్రి 8:15

రెన్యూ అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది, వైరస్‌లు దొరికాయి" అని కుడిచేతి వైపు కింద ఎర్రగా మెరుస్తోంది. మాకు అసలు ఆ కంపెనీ యాంటీవైరసే లేదు! నొక్కితే కార్డు నంబర్ అడుగుతోంది. మా మనవడు చూస్తానన్నాడు గానీ వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఫార్మాట్ కొట్టించాలా?

—

అరండల్‌పేట_ఆడిట్ (గుంటూరు), రాత్రి 8:32

ఫార్మాట్ అక్కర్లేదు బాబాయ్ గారూ, ఆ డబ్బులు మిగుల్చుకోండి. అది వైరస్ కాదు, బ్రౌజర్ నోటిఫికేషన్. ఎప్పుడో ఏదో సైట్‌లో "అలౌ" నొక్కి ఉంటారు, ఆ సైట్ ఇప్పుడు యాంటీవైరస్ వేషం కట్టింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. "అలౌ" కింద ఉన్న పట్టీలో తెలియని పేర్లన్నీ తీసేయండి. కార్డు నంబర్ ఇవ్వలేదు కదా? ఇచ్చి ఉంటే ఈ రాత్రే బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

—

గన్నవరం_నైట్‌షిఫ్ట్ (విజయవాడ), రాత్రి 11:50

మొదటి పోస్టు పెట్టిన బ్రో, సైట్ పేరు తెలియడమే నీకు అంత టెన్షన్ అయితే మా సంగతి వినాలి. మా కంపెనీలో ఏజెంట్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఉంది. కొన్ని నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీస్తుంది. మౌస్ కదలకపోతే "ఐడిల్" అని లెక్క. ఆ లెక్క నెలాఖరున శాతంగా వస్తుంది. ఫోన్‌లో క్లయింట్‌తో అరగంట మాట్లాడితే అరగంట ఐడిల్! ఖాళీగా కూర్చుని మౌస్ తిప్పేవాడు మాత్రం వంద శాతం వర్కర్.

మా టీమ్‌లో ఒకడు మౌస్‌ని దానంతట అది కదిపే పరికరం కొన్నాడు. వాడికి చెప్పా, 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు కీబోర్డు కదలికలు నటించినందుకు పన్నెండు మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసిందిరా అని. వాడు వినడు.

—

పటమట_ప్లీడర్ (విజయవాడ), బుధవారం ఉదయం 7:20

ఇక్కడ అందరూ "చూడొచ్చా" అని అడుగుతున్నారు. చూడగలరు, చాలావరకు చూడొచ్చు కూడా. నన్నడిగితే చూసినదాన్ని ఏం చేశారన్నదే అసలు ప్రశ్న.

సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అంది. కానీ అది ముఖ్యంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబెట్టే హక్కు. ప్రైవేటు యజమానికి వర్తించేది 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం. అందులో 7వ సెక్షన్, ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకీ, సంస్థని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటుంది. వ్యాపార రహస్యాలు, గూఢచర్యం నివారణ లాంటివి ఉదాహరణలుగా ఇచ్చింది. ఆ చట్టం రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. కాబట్టి రేపే కోర్టుకి పోదాం అనుకోవద్దు.

బయటి దేశం తీర్పు ఒకటి చదవదగ్గది. రుమేనియాలో బార్బులెస్కు అనే ఉద్యోగి ఆఫీసు పని కోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో తమ్ముడితో, కాబోయే భార్యతో మాట్లాడుకున్నాడు. కంపెనీ ఆ మాటలన్నీ చదివి ఉద్యోగం తీసేసింది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2017 సెప్టెంబర్ 5న ఉద్యోగి వైపు తీర్పిచ్చింది. నిఘా పెట్టకూడదని అనలేదు. ముందుగా చెప్పారా, ఎంత లోతుగా చూశారు, అంత అవసరం ఉందా అన్నవి కింది కోర్టులు తూచలేదంది. మన కోర్టులకి అది కట్టుబాటు కాదు, కానీ ఆ మూడు ప్రశ్నలు మీ హెచ్‌ఆర్‌ని అడగడానికి బాగా పనికొస్తాయి.

—

సర్వర్_రూమ్_కాపలా (మంగళగిరి), ఉదయం 9:45

ప్లీడర్ గారితో ఏకీభవిస్తూనే మా వైపు మాట ఒకటి. లాగ్‌లు పెట్టడం మాకు సరదా కాదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. రేపు ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ఎవరి మెషీన్ నుంచి వచ్చిందో చెప్పడానికి ఆ లాగే దిక్కు. కానీ నా దగ్గరికి ఒక మేనేజర్ వచ్చి "మా వాడు ఏ సైట్లు చూస్తున్నాడో ఒకసారి తీసివ్వు" అంటే ఇవ్వను. హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా, కారణంతో తెమ్మంటాను. అందువల్ల నా మీద కోపం ఉన్న మేనేజర్లు కొందరున్నారు, ఉండనీ.

—

గన్నవరం_నైట్‌షిఫ్ట్ (విజయవాడ), ఉదయం 10:02

మీలాంటి అడ్మిన్ మాకెందుకు దొరకడు సార్. మా వాడు స్క్రీన్ ఫొటోలు క్యాంటీన్‌లో చూపించి నవ్వుతాడు.

—

పటమట_ప్లీడర్ (విజయవాడ), ఉదయం 10:30

అది మాత్రం మెయిల్‌లో ఫిర్యాదు చేయండి, తేదీతో సహా. నోటిమాటగా చెప్పొద్దు. ఆ ఫొటోలో ఒకరి బ్యాంకు బ్యాలెన్సో, మెడికల్ రిపోర్టో ఉంటే కంపెనీకే ముప్పు. అదే వాక్యం మెయిల్‌లో రాయండి, కదులుతారు.

—

మిర్చి_లెడ్జర్ (గుంటూరు), బుధవారం రాత్రి 9:10

అందరికీ థాంక్స్. ముందు శుభవార్త: ఆడిట్ మేడమ్ చెప్పినట్టు ఐటీ వాళ్లకి మెయిల్ పెట్టాను, మినహాయింపు ఇచ్చారు, సైన్ అయింది. టాలీ ఫోల్డర్ కూడా కలిపారు. పాప్‌అప్ డబ్బా మాత్రం ఇంకా లేస్తోంది.

సర్టిఫికెట్ చూశాను. ఫోన్‌లో ఒక పేరు, ఆఫీసులో మా కంపెనీ పేరే! బ్యాంకు సైట్‌కి రెండు చోట్లా ఒకే పేరు వచ్చింది. యాంటీవైరస్ పాపం ఏమీ మోయలేదు, ఫైర్‌వాల్ పనే. ఐటీ కుర్రాడిని మెల్లగా కదిపితే చెప్పాడు: వారానికోసారి ఎవరు ఏ రకం సైట్లు చూశారో రిపోర్ట్ దానంతట అదే డిపార్ట్‌మెంట్ హెడ్స్ మెయిల్‌కి వెళుతుందట. అందులో "జాబ్ సెర్చ్" అని విడిగా ఒక గడి. ఎవరు అడిగారో తెలియదు, మొదట ఇన్‌స్టాల్ చేసినప్పుడు పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోయిందట. పాలసీ కాగితం ఇమ్మని హెచ్‌ఆర్‌కి రాశాను. "చూసి చెప్తాం" అన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ పొద్దస్తమానం తెరిచే ఉంటుంది. మా ఆవిడతో, చిట్టీ వాళ్లతో అన్నీ అందులోనే. అవీ చదివేస్తున్నారా?

—

సర్వర్_రూమ్_కాపలా (మంగళగిరి), రాత్రి 9:25

ఫైర్‌వాల్ దగ్గర తాళం విప్పినా వాట్సాప్ మెసేజ్ లోపల మళ్లీ విడిగా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, దారిలో చదవలేరు. గన్నవరం వాళ్ల దాంట్లోలా స్క్రీన్ ఫొటో తీసే ఏజెంట్ ఉంటే మాత్రం తెర మీద ఉన్నదంతా వస్తుంది. మీ దాంట్లో అది ఉందో లేదో అడగడం కంటే తీసేయడం తేలిక. ఫోన్‌లో వాట్సాప్ తెరిచి "లింక్డ్ డివైజెస్"కి వెళ్లు, అక్కడున్న సిస్టమ్ మీద నొక్కి లాగౌట్ చెయ్. ఉద్యోగాల వేట కూడా ఫోన్‌లోనే, ఆఫీసు వైఫై ఆపేసి. వైఫై మీద ఉంటే సైట్ పేరు వాళ్లకి ఎలాగూ కనపడుతుంది.

—

మిర్చి_లెడ్జర్ (గుంటూరు), రాత్రి 9:41

తీసేశాను. ఆ పట్టీలో రిసెప్షన్ సిస్టమ్ కూడా కనపడింది! పోయిన వారం ప్రింట్ కోసం అక్కడ తెరిచి వదిలేసినట్టున్నాను, "ఈరోజు యాక్టివ్" అని చూపిస్తోంది. అదీ తీసేశా.

—

ఉల్లిదోశ (విజయవాడ), రాత్రి 9:44

ఇంతకీ మేనేజర్‌కి చెప్పింది ఫైర్‌వాలా, రిసెప్షనా?